స్ట్రైక్ శబ్దార్థ పరిణామము

ఆంగ్లభాషయందు ‘స్ట్రైక్’ అనునది మిక్కిలి వాడుకలో నున్న పదము. మన పాఠశాలలలోని బాలురకు దీని కర్థము చెప్పవలసి వచ్చినపుడు ‘కొట్టుట’ యని చెప్పి యుపాధ్యాయులు ముందునకు సాగుదురు. ఆ యర్థము తప్పు కాదు. కాని యది యొక్కటియే తెలిసిన బాలుఁడు, గడియారము స్ట్రైక్ చేసిన దన్నను, ఓడ తన జెండాను స్ట్రైక్ చేసిన దన్నను, ఒక తలఁపు మనస్సును స్ట్రైక్ చేసిన దన్నను, మిల్లు కూలీలు స్ట్రైక్ చేసి రన్నను దికమక పడును. కడపటి ప్రయోగము విషయమున దికమక మాత్రమే కాదు, అపోహయుఁ గలుగుచున్నది. కొట్టుట యను నర్థము గల పదముతోఁ బిలువఁబడు కార్యము కొట్లాటయే యని తలఁచువారు చదువుకొన్నవారిలోను గలరు. ఒక పదముయొక్క చరిత్రము తెలియమి నొక వర్గపు జనుల నడవడినిగూర్చియే పొరపాటు నిర్ణయము కలుగుట యుపేక్షింపఁదగిన విషయము కాదు. కావున నీ పదము పుట్టుకయు, దాని యర్థము మాఱిన క్రమమును నిందుఁ బరిశీలింపఁబడుచున్నవి.

మూలార్థము

ప్రాచీనాంగ్లమున, అనఁగా సుమారు క్రీ. శ. 1100 వఱకు వాడుకలో నున్న భాషయందు, ఈ ధాతువు రూపము ‘స్ట్రీకన్’. దీని కప్పుడు ప్రధానముగా రెండర్థములు గలవు. మీఁదిమీఁదఁ జేయి నడపుచు నిమురుట యొకటి. పోవుట, సాగుట రెండవది. దెబ్బ కొట్టుట యను నర్థము పదునాలుగవ శతాబ్ది యారంభమునుండి కానవచ్చుచున్నది. అనఁగా నేఁడు ముఖ్యార్థమని మనము చెప్పునది నిజమునకుఁ దరువాతఁ జేరిన యర్థము.

సోదర భాషలు దీనికి సాక్ష్యము చెప్పుచున్నవి. జర్మను భాషలో ‘స్ట్రైఖెన్’ అను ధాతువునకు నిమురుట, పూయుట, గీఁత గీచి తీసివేయుట యను నర్థములు నేఁటికిని గలవు. డచ్చి భాషలోని ‘స్ట్రైకెన్’ నిమురుటకును, బట్టలు ఇస్త్రీ చేయుటకును, ఓడ తెరచాపను దించుటకును వాడఁబడును. లాటిను భాషలోని ‘స్ట్రిజిలిస్’ అను పద మీ కుటుంబములోనిదే. రోమనులు స్నానసమయమున నొడలి నూనెను జెమటను గీచివేయుట కుపయోగించిన వంకర లోహపు పనిముట్టునకు నది పేరు. ఆంగ్లములోనే యీ ధాతువునకు సోదరములైన పదములు రెండు గలవు. ‘స్ట్రోక్’ అనునది నామవాచకముగా దెబ్బను, క్రియగా నిమురుటను దెలుపుచున్నది. ‘స్ట్రీక్’ అనునది చారకుఁ బేరు. దెబ్బయు, నిమురుటయు, చారయు నొక్క కుటుంబమున నుండుటకుఁ గారణము, ఆ మూఁటియందును జేయి యొక తలముమీఁద సాగిపోవుటయే. సాగుట మెల్లనైన నిమురుట; సాగినచోటు గుఱుతు పడిన గీఁత; వేగము హెచ్చిన దెబ్బ.

ధాన్యము కొలుచునపుడు పాత్ర యంచునకుఁ బైగా నున్న గింజలను గఱ్ఱతో సమముగా గీచివేయుట గలదు. ఆ కఱ్ఱకు నాంగ్లమున ‘స్ట్రైక్’ అనియే పేరు. ఆ పేరే యొకానొక ధాన్యపు కొలఁతకును జెల్లినది. ఇట కొట్టుట యేమియు లేదు. ఉన్నది గీచి చదునుచేయుటయే. వ్రాఁతలో నొక మాటను గీఁతతోఁ దీసివేయుటను స్ట్రైక్ అనుట పదునాలుగవ శతాబ్దినుండియుఁ గలదు. మనమును దానిని ‘కొట్టివేయుట’ యనియే చెప్పుదుము. ఫల మొక్కటియైనను నడచిన దారులు వేఱు. తెలుఁగున దెబ్బను దెలుపు ధాతువు గీఁతకు వ్యాపించినది. ఆంగ్లమున గీఁతకుఁ జేరువయైన ధాతువు దెబ్బకు వ్యాపించినది. ఈ భేదమును గుర్తింపక రెండు భాషలలోను బదము లొక్కటియే యని తలఁచుట నిఘంటుకారులకుఁ దగదు.

సాగుట యను రెండవ ప్రాచీనార్థమునకు నొక యవశేషము నిలిచియున్నది. వయసు మీఱిన వానిని ‘యేండ్లలో స్ట్రికెన్’ అని చెప్పు పలుకుబడి యాంగ్లమునఁ గలదు. 1611లో నచ్చువేయఁబడిన బైబిలు అనువాదము దానిని వాడినది. ముసలితనముచేతఁ గొట్టఁబడినవాఁ డని నేఁటి పాఠకుఁడు దానికి నర్థము చెప్పుకొనును. నిజమున కది వయసులో దూరము సాగినవాఁ డని మాత్రమే చెప్పుచున్నది. పాత యర్థము మఱుగుపడఁగాఁ గొత్త యర్థమునుబట్టి పాత పలుకుబడికి వ్యాఖ్యానము చేయుట యెట్టిదో దీనివలన స్పష్టము.

హన్ ధాతువుతోఁ బోలిక

కొట్టుటయుఁ బోవుటయు నొకే ధాతువునఁ జేరుట మన వైయాకరణులకుఁ గొత్త కాదు. పాణినీయ ధాతుపాఠమున హన్ ధాతువునకు హింసయు గతియు నను రెండర్థములును జెప్పఁబడినవి. కాని ధాతుపాఠమున నున్నంత మాత్రమున నర్థము ప్రయోగమునకు రాదు. ‘హంతి’ యను రూపమును బోవుచున్నాఁ డను నర్థమున వాడుటను మమ్మటుఁడు కావ్యప్రకాశమున నసమర్థదోషమున కుదాహరణముగాఁ జూపెను. శాస్త్రము చెప్పిన యర్థమునైనను లోకము విడిచిపెట్టినచోఁ గవి దానిని బట్టుకొనఁగూడ దని యాతని తాత్పర్యము. ఆంగ్లమున స్ట్రైక్ ధాతువుయొక్క గత్యర్థమునకును నదియే గతి పట్టినది.

అయినను బాతయర్థము సమాసములలోను, కృదంతములలోను దాఁగియుండును. ‘పద్ధతి’ యను పదమును జూడుఁడు. పాదములచేతఁ గొట్టఁబడినది, అనఁగా నడకచే నలిగినది, కావున దారికిఁ బేరైనది. పిమ్మట నాచారమునకును, క్రమమునకును వ్యాపించినది. పాదశబ్దమునకు హతిశబ్దము పరమగునపుడు పదాదేశమును బాణిని యాఱవ యధ్యాయమున విధించియున్నాఁడు. నలిగిన దారిని గొట్టఁబడిన దారి యనుట యాంగ్లమునను గలదు. నేఁడు పద్ధతి యన్నపుడు దెబ్బ యెవనికిఁ దోఁచును?

అంతకంటెను విశేషమైనది ‘సంఘము’. ఇదియు సంపూర్వకమైన హన్ ధాతువునుండియే పుట్టినది. గణార్థమున సంఘశబ్దము నిపాతితమైనదని యష్టాధ్యాయి మూఁడవ యధ్యాయము మూఁడవ పాదమునఁ గలదు. సంహతి, సంఘాతము మొదలగునవి దీనికి జ్ఞాతులు. ఒండొంటిని దాఁకి గట్టిపడిన రాశి సంఘాతము. అట్లు చేరిన జనులు సంఘము. కావునఁ గార్మికసంఘ మనునపుడు నక్కడ హన్ ధాతువు గలదు, హింస లేదు. ఈ సంగతి ముందు చెప్పఁబోవు విషయమున కుపకరించును.

తాడనార్థక పదముల మార్పు

ఆంగ్లమునఁ గొట్టుటను దెలుపు ముఖ్యపదము కాలక్రమమునఁ బలుమాఱులు మాఱినది. ప్రాచీనాంగ్లమున నా స్థానము ‘స్లేఆన్’ అను ధాతువునది. జర్మను భాషలో దీని సోదరమైన ‘ష్లాగెన్’ నేఁటికిని గొట్టుటకే వాడఁబడుచున్నది. ఆంగ్లమునందు మాత్రము దాని యర్థము చంపుట యని సంకుచితమై, ‘స్లే’ యను రూపమునఁ గావ్యములలోను మతగ్రంథములలోను నిలిచినది. హన్ ధాతువు కొట్టుటనుండి చంపుటకు సాగిన దారియు నిదియే. కమ్మరి పెద్ద సమ్మెటకు నాంగ్లమునఁ గల ‘స్లెడ్జ్’ అను పేరు మాత్ర మీ ధాతువు పూర్వార్థమును గాపాడుచున్నది.

అటుపిమ్మట నా స్థానమున కెక్కిన ‘స్మైట్’ అను పదమునకుఁ దొల్లి పూయుట, మలినముచేయుట యను నర్థములు. అదియుఁ బాతఁబడి గ్రంథస్థమైనది. నేఁడు నిత్యవ్యవహారమున నున్న ‘హిట్’ ఆంగ్లదేశమున స్థిరపడిన స్కాండినేవియనులనుండి వచ్చిన పదము. దానికి మూలమైన ‘హిట్టా’ యను ధాతువునకుఁ గలసికొనుట, కనుఁగొనుట యని యర్థము. అందుచేతనే యొక యుపాయము తటాలునఁ దోఁచుటను నేఁటికిని ‘హిట్’ పదముతోఁ జెప్పుదురు. గుఱికిఁ దగులుటయు, జనులకు నచ్చిన నాటకమో పాటయో జయము పొందుటయు నా కనుఁగొనుటనుండి సాగిన యర్థములే.

ఈ పదములనుబట్టి యొక క్రమము గోచరించుచున్నది. కొట్టుటను దెలుపు పదము చంపుటవైపు జరిగిపోవఁగా, దాని చోటును బూయుట, నిమురుట, కలసికొనుట వంటి మెత్తని యర్థముగల పదము లాక్రమించినవి. కావున నొక పదమునకు నేఁడుగల కఠినార్థమును దాని యన్ని ప్రయోగములకును మూలముగాఁ బెట్టుకొనుట ప్రమాదకరము.

ఓడలభాషలో స్ట్రైక్

ఇఁక మన ముఖ్యవిషయమునకు వత్తము. నిమురుట, గీచుట యను నర్థములనుండియే నావికుల భాషలో దించుట యను నర్థము వచ్చినది. స్తంభమువెంటఁ ద్రాళ్లు జాఱఁగాఁ దెరచాప క్రిందికి సాగివచ్చును. ఆ పనిని వారు స్ట్రైక్ అనిరి. తెరచాపను, జెండాను, చాపను మోయు నడ్డుకొయ్యను, తుదకు సైన్యము విడిది యెత్తునపుడు డేరాను గూడ నీ క్రియతోనే చెప్పుదురు. వీనిలో నొక్కటియు దెబ్బ తినునది కాదు. క్రిందికి దింపఁబడునది మాత్రమే.

సముద్రమున నిట్లు దించుటకు గొప్ప రాజకీయార్థము గలదు. యుద్ధమున నోడిన యోడ తన జెండాను దించును, అది లొంగుబాటు. శాంతికాలమున నల్పుఁ డధికునకుఁ దన జెండాను మీఁది తెరచాపను దించి వందనము చేయును, అది విధేయత. పదునేడవ శతాబ్దమున నాంగ్లేయులు తమ దేశముచుట్టునున్న సముద్రము తమదే యనియు, నందుఁ దమ యుద్ధనౌక కెదురైన యన్యదేశపు నోడలు జెండా దింపవలె ననియుఁ బట్టుపట్టిరి. 1652వ సంవత్సరము మే నెలలో డోవరు సమీపమున డచ్చి నౌకాధిపతి ట్రాంపు ఆంగ్ల నౌకాధిపతి బ్లేకునకుఁ దగిన వేళ జెండా దింపలేదు. ఫిరంగులు మ్రోఁగినవి. అంతకుముందే వర్తకస్పర్ధచే రగులుచుండిన వైర మంతట యుద్ధమైనది. 1654లో వెస్ట్‌మినిస్టరున జరిగిన సంధిలో డచ్చివారు జెండా దించుట కొప్పుకొనిరి. ఒక గుడ్డను నాలుగు మూరలు దించుటకై రెండు రాజ్యములు పోరాడిన వనినచో, నావికుని దృష్టిలో నీ క్రియ కెంత బరువు గలదో యూహింపవచ్చును. 

1768వ సంవత్సరము

ఏడేండ్ల యుద్ధము 1763లో ముగిసినది. రాజనౌకలనుండి వేలకొలఁది నావికులు తొలఁగింపఁబడి వర్తకపు టోడలలోఁ బనికై వచ్చిరి. పనివారు హెచ్చఁగాఁ గూలి తగ్గినది. 1767–68లో ధాన్యపు ధర పెరిగి రొట్టె ప్రియమైనది. మన భాషలోఁ జెప్పవలెనన్న నది నావికుల కడుపు కొట్టిన కాలము.

1768 వసంతకాలమున నాంగ్లదేశపు టీశాన్యతీరమునందలి సండర్లాండు రేవులో నావికులు గుమిగూడి తమ కష్టములను వ్రాసికొన్న పత్రమును నలుగురిలోఁ జదివిరి. పిమ్మట రేవులోని యోడలమీఁది కెక్కి, అవి కదలకుండునట్లు చాపల నడ్డుకొయ్యలను దించివేసిరి. ఆ యేఁటి సంగతులను సంగ్రహించిన వార్షిక గ్రంథమున నీ వృత్తాంతము వ్రాయఁబడినది. ఆ వ్రాసినవాఁడు స్ట్రైక్ క్రియను వాడి, సామాన్య పాఠకునకుఁ దెలియుటకై ‘దించిరి’ అని పక్కన వివరణము కూడ నిచ్చెను. శబ్దచరిత్రకారులకు నీ చిన్న వివరణము నిధివంటిది. పనిమానుట యను నర్థమునకు మొదటి మెట్టుగా నిఘంటుకారులు చూపుచున్న ప్రయోగ మిదియే. ఆ మెట్టునఁ గొట్టుట లేదు, దించుట గలదు.

మే నెలలో నీ యుద్యమము లండనుకుఁ బాఁకినది. థేమ్సు నదిమీఁది యోడ లొకటొకటిగా నిలిచిపోయినవి. వేలకొలఁది నావికులు పార్లమెంటు మందిర ప్రాంగణమున కేగి తమ విన్నపము నర్పించిరి. ఆ నెలలో లండనున నశాంతి యెల్లెడల నుండెను. విల్క్‌సు పక్షమున సెయింటు జార్జి మైదానమునఁ జేరిన ప్రజలపై మే 10వ తేదీన సైనికులు తుపాకులు కాల్పఁగాఁ గొందఱు మరణించిరి. ఓడలనుండి బొగ్గు దించు కూలీలకును వారి ప్రతిపక్షులకును రేవుప్రాంతమున ఘోరమైన కలహములు జరిగినవి. ఆ కూలీలలో నేడుగురు జూలై నెలలో షాడ్వెలున నురితీయఁబడిరి. ఈ హింస లన్నియు నొకే కాలమున జరుగుటచేత, స్ట్రైక్ అను పేరు కొట్లాటనుండియే వచ్చిన దను భ్రమకు నవకాశము గలిగినది. కాని యా పేరు పుట్టినది బొగ్గుకూలీల కలహములందుఁ గాదు, నావికులు చాపకొయ్యలు దించుటయందు.

ఆ సంవత్సరమే పదము రేవు దాఁటి వీధిలోనికి వచ్చినది. టోపీలు చేయు పనివారు స్ట్రైక్ చేసి, కూలి హెచ్చించువఱకుఁ బనిచేయ మనిరని యదే గ్రంథమున నుల్లేఖము గలదు. టోపీలవానికిఁ దెరచాప లేదు. అయినను క్రియ యాతనికిఁ జెల్లినది. నామవాచకముగా, అనఁగా ‘ఒక స్ట్రైకు’ అని చెప్పుటకుఁ దగిన పదముగా, ఇది 1810 ప్రాంతమునఁ గనఁబడుచున్నది. ఆ నడుమ 1799, 1800 సంవత్సరముల శాసనములు పనివారు కూలికై కట్టుగూడుటను నేరముగాఁ జేసినవి. 1824లో నవి రద్దుచేయఁబడినవి. నేరమైన కాలముననే పదము నామమై స్థిరపడుట గమనింపఁదగినది.

పూర్వపక్ష సిద్ధాంతములు

ఇచట రెండు పూర్వపక్షములు రావచ్చును. పనివారు యజమానుని లాభమును దెబ్బకొట్టుదురు కావున నీ పేరు వచ్చిన దని మొదటిది. తెరచాపలతోఁ బనిలేదు, పనిముట్లను గ్రింద పెట్టుటనుండి యీ యర్థము వచ్చిన దని రెండవది.

మొదటిదానికి సమాధానము కారకవిచారమువలననే లభించును. కొట్టుట యర్థమైనచోఁ గొట్టఁబడువాఁడు కర్మ కావలెను. కాని యీ యర్థము పుట్టిన కాలమునఁ బనివారు యజమానుని స్ట్రైక్ చేసి రను ప్రయోగము కానరాదు. కర్మ చెప్పఁబడినచో నది సామాన్యముగా ‘పని’ యనునదే. పనిని స్ట్రైక్ చేసి రను ప్రయోగము భారతదేశపు టాంగ్ల పత్రికలలో నేఁటికిని గలదు. పనిని గొట్టుట యన నర్థము కుదరదు. పనిని దించుట, దింపి పెట్టుట యనిన నర్థము చక్కఁగాఁ గుదురును. కాఁగా మొదటఁ గర్మ తెరచాప, పిదప నడ్డుకొయ్య, పిదపఁ బని, తుదకుఁ గర్మయే లోపించి క్రియ యకర్మకమైనది. సకర్మక ధాతువు లకర్మకములగుటకు మన వైయాకరణులు నాలుగు కారణములు చెప్పిరి: ధాతువు వేఱర్థమున వర్తించుట, కర్మ ధాత్వర్థముననే యిమిడియుండుట, కర్మ ప్రసిద్ధమగుట, కర్మను జెప్పు నిచ్ఛ లేకుండుట. మేఘము వర్షించుచున్న దనునపుడు నీరు ప్రసిద్ధము కావున దానిని జెప్పనక్కఱలేదు. అట్లే పనివారు స్ట్రైక్ చేసి రనునపుడు దింపఁబడినది పనియే యని లోకమునకుఁ బ్రసిద్ధమగుటచేఁ గర్మ యెగిరిపోయినది. పాణినీయుల విచార మాంగ్లపదమునకును వెలుఁగు నిచ్చుట కిది యొక నిదర్శనము.

రెండవ పక్షమును గొందఱు నిఘంటుకారులు వికల్పముగాఁ జెప్పియున్నారు. దానిని బూర్తిగాఁ ద్రోసిపుచ్చ నవసరము లేదు. ప్రయోగములలో మొదటిది నావికులదే యగుటచే మొదటి స్థానము వారికే యీయవలెను. కాని రెండవ పక్షము నంగీకరించినను మన సిద్ధాంతమునకు హాని లేదు. తెరచాప యైనను, సుత్తె యైనను, స్ట్రైక్ అనఁగా నచట దించుటయే.

ఇందు మఱియొక విశేషము గలదు. నూఱేండ్లకుఁ బూర్వము తెరచాప దించుట యధికునకుఁ జేయు వందనము. 1768లో నదే పని యధికుని మాట వినమని చెప్పు ప్రతిన యైనది. చేసిన పని మాఱలేదు. దించు తాడు మాఱలేదు. దించువాఁ డెవని యాజ్ఞతో దించినాఁ డనుట మాత్రము మాఱినది. అర్థపరిణామ మనునది పలుకులో మాత్రమే జరుగునది కాదు, పలుకువారి స్థితిలో జరుగునది.

ఇతర భాషల పేర్లు

ఇతర భాషలు నీ కార్యమునకుఁ బెట్టిన పేర్లలోను దెబ్బ లేదు. ఫ్రెంచివారి ‘గ్రేవ్’ అను పదము పారిసు నగరమున సేను నది యొడ్డునందలి యిసుక మైదానము పేరు. పనిలేని కూలీలు పనికై యచట నిలిచెడివారు. నిలుచుటయే పిదపఁ బనిమానుటకుఁ బేరైనది. స్పానిషువారి ‘హ్వెల్గా’ విశ్రాంతి యను నర్థముగల ధాతువునకుఁ జెందినది. జర్మనులు పందొమ్మిదవ శతాబ్దమున నాంగ్లపదమునే ‘స్ట్రైక్’ అని తెచ్చుకొనిరి. తమ యింట నున్న ‘స్ట్రైఖెన్’ దానికిఁ దోఁబుట్టు వని సామాన్యుఁ డెఱుఁగఁడు. మన దేశమున 1919 ఏప్రిలు 6వ తేదీన రౌలటు శాసనమునకు విరోధముగా గాంధీగారు పిలుపునిచ్చిన ‘హర్తాళ్’ అంగడికిఁ దాళము వేయుట యను నర్థము గలది. దాని పూర్వపదము సంస్కృతపు హట్టశబ్దమునకుఁ జేరినది. ఇసుకతిన్నె, విశ్రాంతి, తాళము, దింపిన తెరచాప — ఇవి యీ నాలుగు పేర్లకు మూలములు.

తెలుఁగున ‘సమ్మె’ యనుచున్నాము. ధ్వని సామ్యమునుబట్టి దీనిని ‘సమ్మెట’ తోఁ గలిపి, కొట్టుట యను నర్థమును మరల లాగుకొని వచ్చుటకు నెవ్వరును దొరకొనరాదు. ధ్వనిసామ్య మొక్కటియే వ్యుత్పత్తికిఁ జాలదు. సంఘశబ్దమున హన్ ధాతువున్నను హింస లేనట్లే, సమ్మె ధ్వనిలో సమ్మెట వినఁబడినను దెబ్బ లేదు.

శాసనకర్తలు చేసిన నిర్వచనమును నిదే చెప్పినది. 1947నాఁటి భారత పారిశ్రామిక వివాదముల శాసనము, ఒక పరిశ్రమలోని పనివారు కూడఁబలుకుకొని పని నిలుపుటయే స్ట్రైక్ అని నిర్వచించెను. 2020నాఁటి స్మృతి దానికిఁ దోడు, నూటికి నేఁబదిమంది గాని యంతకు మించి గాని యొక్కనాఁడే కూడఁబలుకుకొని సెలవు పెట్టుటను నందుఁ జేర్చినది. దెబ్బ మాట యేచోటను లేదు.

1946వ సంవత్సరము

పేరు పెట్టుటలో నెంత బరువు గలదో చూపుటకు మన చరిత్రములోని యొక ఘట్టము చాలును. 1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలోని ‘తల్వారు’ అను నౌకాదళ శిక్షణ కేంద్రమున భారతీయ నావికులు, చెడ్డ తిండినిగూర్చియు, నధికారుల యవమానకరమైన మాటలనుగూర్చియు మొఱపెట్టి, భోజనమును బనిని మానిరి. మఱునాఁటి కది రేవులోని యోడలకుఁ బాఁకినది. పిమ్మటఁ గరాచి, మదరాసు, విశాఖపట్టణము మొదలగు చోట్లకును వ్యాపించినది. వారు బ్రిటిషు జెండాను దించి కాంగ్రెసు జెండాను, ముస్లింలీగు జెండాను, ఎఱ్ఱజెండాను నెత్తిరి. తమ నాయకసభకు ‘నౌకాదళ కేంద్ర స్ట్రైకు సంఘము’ అను నర్థముగల పేరు పెట్టుకొనిరి. యం. యస్. ఖాను దాని కధ్యక్షుఁడు, మదనసింగు ఉపాధ్యక్షుఁడు. వారికి సానుభూతిగా వీధులకు వచ్చిన బొంబాయి ప్రజలపైఁ గాల్పులు జరిగి రెండువందలకుఁ బైగా మరణించిరి. సర్దారు పటేలు సలహాపై ఫిబ్రవరి 23వ తేదీన నావికులు విరమించిరి.

ప్రభుత్వము దీనికిఁ బెట్టిన పేరు ‘మ్యూటినీ’. ఈ పదము కదలుటను దెలుపు లాటిను ధాతువునుండి ఫ్రెంచి మూలమున వచ్చి, సేనలోని తిరుగుబాటునకు రూఢమైనది. స్ట్రైక్ అన్నచోఁ దిండి బాగుచేసి, జీతము సరిచేసి ముగింపవలసిన వివాదము. మ్యూటినీ యన్నచో దండనార్హమైన మహాపరాధము. ఒకే వారమున నొకే జనులు చేసిన యొకే పనికిఁ బెట్టిన రెండు పేర్లలో నేది నిలుచునో దానినిబట్టి వారి బ్రదుకులు నిర్ణయింపఁబడినవి. అనేకులు చెఱలోఁ బెట్టఁబడిరి. అనేకులు కొలువునుండి తొలఁగింపఁబడిరి. నావికులు తమ కార్యమునకుఁ జెప్పుకొన్న పదము, 1768లో సండర్లాండు నావికులు చేసిన పనినుండి పుట్టినదే. ఓడమీఁద జెండా దించుటయు నా పదముయొక్క పూర్వార్థములలో నొకటియే. ఒక్క పదముయొక్క రెండర్థములును నాఁడు బొంబాయి రేవులో నొక్కచోటఁ గలసినవి.

ఉపసంహారము

ఇంతవఱకుఁ జెప్పినదానివలనఁ దేలిన సారాంశ మిది. స్ట్రైక్ ధాతువునకు నిమురుట, సాగుట మొదటి యర్థములు. గీచుట, దించుట, కొట్టుట వానినుండి వేర్వేఱుగా సాగిన కొమ్మలు. పనిమానుట దించుట యను కొమ్మనుండి పుట్టినది గాని కొట్టుట యను కొమ్మనుండి పుట్టలేదు. ధాతువుల కనేకార్థములు గల వని యూరకుండుట శబ్దవిచారమునకుఁ జాలదు. ఆ యర్థములలో దేనినుండి యేది, యెప్పుడు, ఎవ్వరి నోటఁ బుట్టినదో చూపినపుడే విచారము పూర్తియగును.

పాఠశాలలలోని పండితులకు నొక మనవి. ఈ పదమునకుఁ దెలుఁగుచేయునపుడు కర్మను జూచి క్రియను నిర్ణయింపుఁడు. బంతి యైనను బల్ల యైనను ‘కొట్టు’ చెల్లును. గడియారమునకు ‘గంట కొట్టు’ అనియు, నాణెమునకు ‘ముద్ర కొట్టు’ అనియు మన పలుకుబడియే సిద్ధముగా నున్నది. మాటకును బేరునకును ‘కొట్టివేయు’. మనస్సున కైనచోఁ ‘దట్టు’ అను మెత్తని ధాతువు గలదు; మంచి తలఁపు మనస్సునకుఁ దట్టును గాని మనస్సును గొట్టదు. జెండాకును దెరచాపకును ‘దించు’. పనికి ‘మాను’. ఇట్లు చెప్పిన బాలుఁడు పదమును నేర్చుటయే కాక, పని మాని నిలిచిన మనుష్యునిఁ జూచినపుడు వానిని గొట్లాటకు వచ్చినవాఁ డని తలఁపకుండుటయు నేర్చును.